‘అందరికీ అక్కరలేదు’ అంటే ‘ఎవరికీ అక్కరలేదు’ అని కాదు

సమాచారం అందకపోవడం వల్లనే ప్రజలు ఆరోగ్యం విషయంలో మోసపోతున్నారని పెద్దలు తరచు వాపోతుంటారు. నేను అంగీకరించను. సమాచారం చేతిలోని ఫోనులోంచి పొంగిపొర్లుతూనే ఉన్నది. లేనిదల్లా వాక్యాన్ని విప్పి చూసే అలవాటు. ఒక మాట ఎందరిని గురించి చెప్పబడింది, దాని నుండి నిజంగా తేలేదేమిటి అని అడగకుండానే మందు మింగుతున్నాము, అడగకుండానే మానేస్తున్నాము.

ఒక ఇంగ్లిషు వాక్యం చూడండి: ‘ఆల్ డయాబెటిక్స్ డు నాట్ నీడ్ ఇన్సులిన్.’ మన దేశపు ఇంగ్లిషులో ఇటువంటి వాక్యాలు సర్వసాధారణం. దీనిని ప్రెడికేట్ లాజిక్‌లోకి, అనగా 1879లో జర్మన్ గణితవేత్త గాట్లోబ్ ఫ్రెగె పునాది వేసిన కచ్చితమైన తర్కభాషలోకి మార్చబోతే, మొదటి గుర్తు వద్దనే కలం ఆగిపోతుంది. ముందు ‘ప్రతి’ రావాలా, ‘కాదు’ రావాలా? ‘ప్రతి’ ముందు వస్తే అర్థం ఇది: ఎవరిని తీసుకున్నా సరే, ఆ మనిషికి మధుమేహం ఉంటే, ఇన్సులిన్ అక్కరలేదు. ‘కాదు’ ముందు వస్తే: మధుమేహం ఉన్న ప్రతివారికీ ఇన్సులిన్ కావాలన్న మాట నిజం కాదు, అక్కరలేనివారు కనీసం ఒక్కరైనా ఉన్నారు. రెండవది వైద్య సత్యం. మొదటిది ప్రాణాంతకమైన అబద్ధం.

తెలుగులోకి వచ్చినా ఈ చిక్కు వీడదు. ‘షుగర్ ఉన్నవాళ్ళందరికీ ఇన్సులిన్ అక్కరలేదు’ అన్న మాటను, టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లవాడి తల్లిదండ్రులు ‘ఎవరికీ అక్కరలేదు’ అని విన్నారనుకోండి. ఆ బిడ్డ శరీరం ఇన్సులిన్‌ను దాదాపుగా తయారుచేసుకోలేదు. సూది మానితే రోజుల వ్యవధిలోనే రక్తంలో కీటోన్లు పేరుకొని స్పృహ తప్పే స్థితి రావచ్చు. 1922 జనవరిలో టొరంటోలో ఒక బాలుడికి తొలిసారిగా ఇన్సులిన్ ఇచ్చేవరకు ఈ వ్యాధి వచ్చిన పిల్లలకు మరణమే గతి. ఒక గుర్తు స్థానం మారినందుకు ఆ కాలానికి తిరిగి వెళ్ళవలసిందేనా?

ఈ అయోమయాన్నే పెట్టుబడిగా పెట్టుకున్నవారు ఉన్నారు. మధుమేహాన్ని నయం చేస్తామని ప్రకటించడాన్ని 1954 నాటి చట్టం నిషేధించింది. అందుచేత తెలివైన ప్రకటనకర్త ఆ మాట అనడు. ‘ప్రతి వ్యాధికీ ప్రకృతిలో మందు ఉన్నది’ అంటాడు. ‘మా చూర్ణం నూటికి నూరుపాళ్ళు ప్రకృతి సిద్ధం’ అంటాడు. అక్కడ ఆగుతాడు. మిగిలిన వాక్యాన్ని మీరే మీ మనసులో పూర్తి చేసుకొని, మీ డబ్బు మీరే చెల్లిస్తారు.

ఆ వాదాన్ని పరీక్షించడం ఏమంత కష్టం కాదు. అచ్చులో పోతపోసినట్లు అదే ఆకృతిలో మరొక వాదాన్ని అల్లి చూడండి. ఊళ్ళో ఒక దొంగ ఉన్నాడు. నీవు ఈ ఊళ్ళోనే ఉన్నావు. కనుక ఆ దొంగవు నీవే. ఈ మాటను ఏ పల్లెలో ఏ ముసలమ్మ ఒప్పుకుంటుంది? ‘ఏదో ఒకటి ఉన్నది’ అన్న మాట నుండి ‘అది ఇదే’ అన్న మాటకు దారి లేదు. పైగా ‘ప్రతి వ్యాధికీ ఏదో ఒక మందు’ అన్నదానిని ‘అన్ని వ్యాధులకూ ఒకే మందు’గా తిరగేసే సర్వరోగ నివారిణులు వేరే ఉన్నాయి. అసలు ఆ మొదటి వాక్యాన్నే ఎవరూ రుజువు చేయలేదన్నది మరొక సంగతి.

ఆసుపత్రులలో మాత్రం తర్కం వర్ధిల్లుతున్నదా? టైఫాయిడ్ ఉంటే విడాల్ పరీక్ష పాజిటివ్ వస్తుంది. ఇతనికి పాజిటివ్ వచ్చింది. కనుక ఇతనికి టైఫాయిడ్. ఈ వాదం మీద ఆధారపడి ఎన్ని యాంటీబయాటిక్ చీటీలు రాస్తున్నారో! మొదటి వాక్యం పూర్తిగా నిజమనుకున్నా ముగింపు తేలదు. మునుపెన్నడో సోకిన టైఫాయిడ్ వల్ల, టీకా వల్ల, ఒక్కొక్కప్పుడు వేరే జ్వరాల వల్ల కూడా ఆ పరీక్ష పాజిటివ్ రావచ్చు. తర్కసంగ్రహం రచించిన మన అన్నంభట్టు 17వ శతాబ్దంలోనే ఈ పాఠం చెప్పాడు. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదు. ఎర్రగా కాలిన ఇనుప గుండే సాక్ష్యం. యాంటీబయాటిక్ మొదలుపెట్టక మునుపే రక్తం కల్చర్‌కు పంపవచ్చునా అని మీ వైద్యుణ్ణి అడగండి. అడగడం అవమానించడం కాదు.

వైద్యం సంభావ్యతల శాస్త్రమనీ, ‘అందరు’, ‘కొందరు’ అనే రెండు గుర్తులలో అది ఇమడదనీ కొందరు మిత్రులు ఆక్షేపిస్తారు. నిజమే, ‘చాలామంది’ అన్న మాట ఆ రెంటిలోనూ ఇమడదు. అందుకే ‘చాలామంది’ని ‘అందరు’గా మార్చే చేతివాటాన్ని మరింత గట్టిగా పట్టుకోవాలి. ‘మా తాత తొంభై ఏళ్ళ దాకా చుట్ట కాల్చాడు’ అన్న సమర్థన వినని తెలుగువాడు ఉండడు. ఆ తాత ‘చుట్ట కాల్చిన ప్రతివాడూ త్వరగా పోతాడు’ అన్న వాక్యాన్ని ఖండించగలడు. కానీ ఆ మాట ఏ వైద్యుడూ అనలేదు! కాల్చేవారిలో క్యాన్సర్ ముప్పు అధికమన్నదే మా మాట. శ్రీకాకుళం, విశాఖ తీరాలలో నిప్పును నోటిలోపలికి పెట్టుకొని చుట్ట కాల్చే స్త్రీలకు అంగిలిలో వచ్చే క్యాన్సర్‌ను ఎవరి తాత ఆయుష్షూ చెరిపివేయజాలదు.

రోగులకు తర్కం ఎక్కడ అర్థమవుతుందని పెదవి విరిచే వైద్యులతోనే నా తగవు ఎక్కువ. వారికి ఫ్రెగె అక్కరలేదు, గుర్తులూ అక్కరలేదు. రెండు అర్థాలకు తావిచ్చే వాక్యాన్ని మనం పలకకుంటే చాలును. ‘అందరికీ అక్కరలేదు’ అనడానికి బదులుగా ఇలా అనవచ్చు: ‘షుగర్ ఉన్నవారిలో కొందరు మాత్రలతో నెట్టుకురాగలరు. కొందరికి ఇన్సులిన్ తప్పనిసరి. మీ అబ్బాయి ఈ రెండవ కొందరిలో ఒకడు. ఒక్క పూట కూడా మానకండి.’