రాజకీయం దోషం కాదు, అనౌచిత్యమే దోషం: స్టార్ వార్స్ చిత్రమాలపై అభిమానుల అసంతృప్తి

ప్రస్తావన

‘కథలోకి రాజకీయాలు చొరబడ్డాయి.’ హాలీవుడ్ పెద్ద నిర్మాణసంస్థలు ఫ్రాంచైజీల పేరుతో నడుపుతున్న చిత్రమాలలపై గడచిన పదేళ్లుగా అభిమానులు చేస్తున్న ఆరోపణల సారాంశం ఇది. ఆ చిత్రాల సమర్థకులు చెప్పే సమాధానం కూడా ఇంతే క్లుప్తమైనది: అసంతృప్తి ప్రకటించేవారు మార్పును సహించలేని అభివృద్ధి నిరోధకులు. ఈ రెండు వాదాలూ నిలవవని నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. మొదటి వాదం రోగాన్ని తప్పుగా గుర్తించింది. రెండవది రోగమే లేదంటున్నది.

అమెరికన్ చిత్రమాల గురించి తెలుగు పరిశోధన పత్రికలో చర్చ ఎందుకని కొందరికి అనిపించవచ్చు. అందరికీ తెలిసిన కథను మళ్లీ చెప్పేటప్పుడు కవికి ఎంత స్వేచ్ఛ ఉంది, సహృదయునికి ఎంత అధికారం ఉంది అన్నది మన అలంకారశాస్త్రం వెయ్యేళ్లకు ముందే ఎత్తుకున్న ప్రశ్న. పురాణ పునఃకథనం మీద ఆధునిక తెలుగు సాహిత్యంలో జరిగినంత వాదోపవాదం తక్కువ భాషల్లో జరిగి ఉంటుంది. ఆ సంపద చేతిలో ఉండగా ఈ విషయంలో మనం మౌనంగా ఉండనవసరం లేదు.

మొదటి పూర్వపక్షం: రాజకీయమే చెరిచింది

1977లో జార్జ్ లూకస్ రూపొందించిన తొలి స్టార్ వార్స్ చిత్రం రాజకీయరహితమైనది కాదు. మహాసామ్రాజ్యాన్ని చిన్న తిరుగుబాటుదళం ఎదిరించే ఆ కథ వెనుక వియత్నాం యుద్ధం ఉందని లూకసే పలు సందర్భాల్లో చెప్పాడు. 1983 నాటి మూడవ చిత్రంలో రాళ్లు, దుంగలు ఆయుధాలుగా గల అడవిజాతి సామ్రాజ్య సైన్యాన్ని ఓడించడం ఆ ఆలోచనకు కొనసాగింపే. 1999 నుంచి 2005 వరకు వచ్చిన మూడు చిత్రాల ప్రధాన విషయం గణతంత్రం తన శాసనసభ కరతాళధ్వనుల మధ్యనే సామ్రాజ్యంగా మారిపోవడం. ఈ కథలను బాల్యం నుంచి ప్రేమించినవారు రాజకీయాలను ద్వేషిస్తారనడం అసంగతం. అలా అంటున్న అభిమాని తన బాధకు తానే తప్పు పేరు పెట్టుకుంటున్నాడు.

రెండవ పూర్వపక్షం: అసంతృప్తి అంతా ద్వేషమే

ఈ వాదంలో కొంత నిజం ఉంది. దాన్ని ముందుగా అంగీకరించాలి. 2017లో విడుదలైన ‘ది లాస్ట్ జెడై’లో రోజ్ అనే పాత్ర ధరించిన వియత్నామీ అమెరికన్ నటి కెల్లీ మరీ ట్రాన్‌పై జాతి, లింగ వివక్షతో కూడిన దూషణ సాగింది. 2018లో ఆమె సామాజిక మాధ్యమంలో తన పోస్టులన్నీ తొలగించుకొంది. ఆ ఏడాదే తన అనుభవాన్ని వ్యాసంగా రాసింది. ఒక పాత్ర రచనలోని లోపానికి ఆ పాత్రను ధరించిన మనిషిని హింసించడం విమర్శ కాదు, దౌర్జన్యం. దానికి ఏ సమర్థనా లేదు.

అయితే దౌర్జన్యపరులు ఉన్నారు కనుక అసంతృప్తి అంతా దౌర్జన్యమేననడం హేత్వాభాసం. ల్యూక్ స్కైవాకర్ పాత్రనే చూద్దాం. ఎందరినో హతమార్చిన తండ్రిలోనూ మంచి మిగిలి ఉందని నమ్మి, చివరి ఘడియలో ఆయుధం పారవేసినవాడు 1983 నాటి ల్యూక్. 2017 చిత్రంలో అతడే నిద్రిస్తున్న మేనల్లుని మీద, క్షణకాలమే అయినా, ఆయుధం ఎత్తుతాడు. అలాంటి పరిణామం అసాధ్యమని కాదు. మూడు దశాబ్దాల అంతరంగ పరివర్తనను పూర్వవృత్తంగా రెండు మూడు సార్లు తడిమి వదిలేయడం చాలదని ప్రేక్షకుడు అంటున్నాడు. ఈ అభ్యంతరంలో జాతి లేదు, లింగం లేదు. ఇది ప్రకృత్యౌచిత్యానికి సంబంధించిన ప్రశ్న. ఆనందవర్ధనుడు రసభంగానికి అనౌచిత్యాన్ని మించిన కారణం లేదన్నప్పుడు మొదట ప్రస్తావించిన ఔచిత్యాల్లో ఇదొకటి.

సిద్ధరసం, కథకుని స్వేచ్ఛ

రామాయణాది కథలను సిద్ధరసాలుగా భావించిన ఆనందవర్ధనుడు వాటిలో రసవిరోధి అయిన స్వేచ్ఛాకల్పన కూడదన్నాడు. అదే సందర్భంలో, ఇతివృత్తంలో రసానికి అనుకూలించని ఘట్టం ఉంటే విడిచిపెట్టి కొత్తది కల్పించుకోవచ్చునన్నాడు. ఈ రెండు మాటలనూ కలిపి చదవాలి. మార్చడానికి అనుమతి ఉంది. ఆ మార్పు కథ అంతరంగం నుంచి పుట్టాలన్నది నియమం. అలంకారం గురించి ఆయన చెప్పిన అపృథగ్యత్న నిర్వర్త్యత కూడా ఇక్కడ వర్తిస్తుంది. వేరే ప్రయత్నంతో తెచ్చి అతికించినది రసానికి అంగం కాలేదు.

దీని నుంచి ఒక సులభమైన పరీక్షను రూపొందించుకోవచ్చు: ఒక రచనలోని రాజకీయాంశాన్ని తీసివేస్తే కథకు ఏమవుతుంది? త్రిపురనేని రామస్వామి చౌదరి ‘శంబూకవధ’లో వర్ణవ్యవస్థపై ప్రశ్నను తీసివేస్తే నాటకమే మిగలదు. ఓల్గా ‘విముక్త’లో సీత శూర్పణఖనూ అహల్యనూ రేణుకనూ ఊర్మిళనూ కలుసుకొని నేర్చుకొన్నదాన్ని తీసివేస్తే కథ నడవదు. ఈ రచనలతో విభేదించవచ్చు, ఆగ్రహించవచ్చు. వాటిలోని రాజకీయాన్ని పైపూత అనడానికి మాత్రం వీలు లేదు.

పరీక్షకు నిలవని చిత్రాలు

2012లో డిస్నీ సంస్థ లూకస్‌ఫిల్మ్‌ను సుమారు 405 కోట్ల డాలర్లకు కొనుగోలు చేసింది. 2014లో, అంతవరకు నవలలుగా, చిత్రకథలుగా విస్తరించిన ఉపాఖ్యానాలకు ‘లెజెండ్స్’ అని పేరు పెట్టి ప్రధాన కథ నుంచి వేరు చేసింది. ఆ తరువాత 2015, 2017, 2019 సంవత్సరాల్లో మూడు చిత్రాలు వచ్చాయి.

మొదటి చిత్రంలో ఫిన్ అనేవాడు శైశవంలోనే అపహరణకు గురై, పేరుకు బదులు సంఖ్యతో పెరిగిన సైనికుడు. నిరాయుధులను చంపలేక సైన్యాన్ని విడిచి పారిపోతాడు. బానిస సైన్యంలో ఒకడికి మనస్సాక్షి మేల్కొంటే మిగిలినవారి మాటేమిటి? కథాబీజంగా దీనికి మించినది ఆ మూడు చిత్రాల్లో లేదు. అది మొలకెత్తనేలేదు. చివరి చిత్రంలో అతడికి తనలాగే సైన్యాన్ని విడిచి వచ్చిన కొందరు తారసపడతారు. యుద్ధంలో తోడు నిలుస్తారు. కాని ఆ తిరుగుబాటు శత్రుసైన్యంలో పాకదు, కథాగతిని మార్చదు. ఆ పాత్రధారి జాన్ బోయెగా 2020లో ఒక పత్రికతో మాట్లాడుతూ, నల్లజాతి పాత్రను ప్రచారంలో ముందు నిలిపి కథలో పక్కకు నెట్టారని బాహాటంగా విమర్శించాడు. అభిమానులు అప్పటికే అంటున్న మాట ఇదే.

రోజ్ పాత్ర గతి మరీ విషాదకరం. రెండవ చిత్రంలో ఆమె, ఫిన్ ఒక జూదనగరానికి వెళ్తారు. అక్కడి ధనికులు యుద్ధంలోని ఇరుపక్షాలకూ ఆయుధాలు అమ్మినవారు. ఆ మాట ఒకసారి వినిపించి మాయమవుతుంది. ఆ జ్ఞానంతో ఎవరూ ఏ నిర్ణయమూ మార్చుకోరు. ఇక మూడవ చిత్రంలో రోజ్ కనిపించేది ఒకటి రెండు నిమిషాలకు మించదు. వివక్షాపరులు ఆ నటిని వెళ్లగొట్టాలన్నారు. నిర్మాతలు ఆ పాత్రను దాదాపు వెళ్లగొట్టారు. వైవిధ్యానికి ప్రతినిధులమని చెప్పుకొన్నవారి ఆచరణ ఇది.

కథానాయిక రే విషయంలో జరిగింది విస్పష్టమైన సిద్ధాంతద్రోహం. రెండవ చిత్రం ఆమె తల్లిదండ్రులు ఎవరో అనామకులని చెప్పింది. శక్తికి వంశంతో పని లేదన్న ప్రజాస్వామిక భావన అది. ఆ చిత్రం చివరి దృశ్యంలో గుర్రపుశాలలో పనిచేసే పిల్లవాడు చీపురును చేయి తగలకుండానే దగ్గరకు రప్పించుకోవడం ఆ భావనకు ధ్వని. రెండేళ్లకు వచ్చిన ‘ది రైజ్ ఆఫ్ స్కైవాకర్’ ఆమెను చక్రవర్తి పాల్పటీన్ మనుమరాలిగా తేల్చి, చివరకు స్కైవాకర్ వంశనామం ధరింపజేసింది. వంశప్రశస్తి తెలుగు సినిమా ప్రేక్షకుడికి కొత్త కాదు. దాన్ని ప్రగతి పేరుతో అమ్మడమే కొత్త. 1983లో మరణించిన ఆ చక్రవర్తి ఎలా బతికాడన్నదానికి చిత్రంలో సరైన వివరణ లేదు. అతడి పునరాగమన సందేశాన్ని విడుదలకు ముందు ఫోర్ట్‌నైట్ అనే వీడియో గేమ్‌లో వినిపించారు. కార్యం చిత్రంలోనూ, దానికి నాంది వ్యాపార ఒప్పందంలోనూ ఉంటే కథాసంవిధానం ఏమవుతుంది?

ఆ చిత్రంలోనే ఇద్దరు స్త్రీలు ముద్దు పెట్టుకొనే కొన్ని క్షణాల దృశ్యం ఉంది. సింగపూర్‌లో దాన్ని కత్తిరించి ప్రదర్శించారు. కత్తిరించినా కథలో ఎక్కడా ఖాళీ ఏర్పడలేదు. కత్తిరించడానికి అనువుగా ఉండేలానే దాన్ని అమర్చారన్న అనుమానం సహేతుకమైనది. సమానత్వాన్ని నమ్మిన కథకుడు దాన్ని తొలగించడానికి వీలైన చోట పెట్టడు. ఇందులో నేను చూస్తున్న దోషం రాజకీయం ఎక్కువ కావడం కాదు. రాజకీయానికి కథలో చోటు ఇవ్వకుండా ప్రచారపత్రంలో మాత్రం చోటు ఇవ్వడం.

ప్రతినిదర్శనం: ఆండోర్

ఈ వాదానికి బలమైన సాక్ష్యం అదే సంస్థ నుంచి వచ్చింది. టోనీ గిల్రాయ్ రూపకల్పనలో 2022లోనూ 2025లోనూ వచ్చిన ‘ఆండోర్’ ధారావాహిక ఈ మాలలో అత్యంత రాజకీయమైన రచన. దాని తొలి భాగంలో ఖైదీలు ఏదో యంత్రభాగాన్ని రేయింబవళ్లు తయారుచేస్తుంటారు. శిక్ష ముగిసినవారికి విడుదల లేదని, మరో చెరకు తరలిస్తున్నారని తెలిసిన క్షణాన తిరుగుబాటు పుడుతుంది. వారు చేసిన భాగాలు తొలి చిత్రంలోని మహాయుధానికేనని చివర తేలుతుంది. ఇక్కడ రాజకీయాన్ని తీసివేస్తే కథ లేదు. దీనిని విమర్శకులూ మెచ్చారు, అంతకుముందు విసిగిపోయిన అభిమానుల్లో ఎందరో మెచ్చారు. రాజకీయమే వారి అసంతృప్తికి కారణమైతే ఈ ఆదరణను వివరించడం సాధ్యం కాదు.

మన పరిశోధనకు హెచ్చరిక

ఈ దోషం తెరకే పరిమితం కాలేదు. ఒక నవలలో స్త్రీ పాత్రలు ఎన్ని, దళిత పాత్రలు ఎన్ని అని లెక్కించి, ఆ లెక్కకు ‘దృక్పథం’ అని శీర్షిక పెట్టే వ్యాసాలు మన సదస్సుల్లో అరుదు కాదు. పరిశోధక విద్యార్థిగా అలాంటి పత్రం ఒకటి నేనూ సమర్పించాను. ఆ పాత్రల ఉనికి కథాగతిని ఎక్కడ మలుపు తిప్పిందో నేను అడగలేదు, నన్నెవరూ అడగలేదు. ఉనికినే విలువగా లెక్కించే విమర్శకుడు, ఉనికిని సరుకుగా అమ్మే నిర్మాతకు తెలియకుండానే సహాయకుడవుతాడు. స్త్రీవాద, దళితవాద విమర్శలు మనకు నేర్పింది పాత్రల జాబితా రాయడం కాదు. ఎవరి బాధ కథను నడుపుతోంది, ఎవరి బాధ అలంకారంగా మిగిలింది అని అడగడం.

ముగింపు

అభిమాని అసంతృప్తిలో విచక్షణ ఉంది, అజ్ఞానం ఉంది, కొన్నిచోట్ల విషమూ ఉంది. వాటిని వేరుచేయడం విమర్శకుని పని. ఆ పని మానుకొని, ఉద్దేశం మంచిదని కథాదోషాన్ని మన్నిస్తే, ఆ దోషాన్ని ఎత్తిచూపే అవకాశాన్ని ద్వేషవ్యాపారులకు అప్పగించినట్లే. వారు దోషాన్ని కథలో చూపరు, నటి ముఖంలో చూపుతారు. 2018లో జరిగింది అదే. ఔచిత్యచర్చను పాతకాలపు పాఠ్యాంశంగా పరీక్షలకు మాత్రమే పరిమితం చేసుకొన్న మనం దాన్ని తిరిగి ఆచరణలోకి తెచ్చుకోవలసిన కారణమూ అదే.