అడిగినవాటికే జవాబులా?

కంటెంట్ స్ట్రాటజీ అనే చదువులో మొదటి సూత్రం, జనం దేనికోసం వెతుకుతున్నారో కనుక్కుని దానికి జవాబు రాయడం. రెండోది, ఆ జవాబు 'ఆథెంటిక్'గా ఉండడం. అంటే మన గొంతుతో, మన అనుభవంలోంచి, నిజాయితీగా రాసినట్టుండాలి. 'రాసినట్టుండాలి' అన్నమాట నాది కాదు, పాఠంలోదే. ఏలూరులో డిగ్రీ చదువుతూ సాయంత్రాలు ఈ కోర్సుకి వెళ్ళాను. ఈ రెండు సూత్రాలూ ఒకదానికొకటి ఎంత అడ్డమో కొల్లేరు గురించి రాయమన్నప్పుడు తెలిసింది.

రాయడానికి ముందు పాఠకుణ్ణి తయారుచేసుకోవాలట. మేం ఒకామెని తయారుచేశాం. ఆమెకి ఇరవై ఎనిమిదేళ్ళు, హైదరాబాదులో ఉద్యోగం, సొంత కారు, సెలవుల్లో తిరగడం ఇష్టం. పేరు పెట్టాం, జీతం కూడా రాశాం. లేని మనిషికి ఇన్ని వివరాలు! కొల్లేటి లంకల్లో నిజంగా బతుకుతున్న ఆడవాళ్ళ గురించి మాత్రం ఆ కాగితంలో ఒక్క గడీ లేదు. వాళ్ళు పాఠకులు కారు, 'లోకల్ కలర్'. ఆ మాట విన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది.

ఆ తర్వాత జనం ఏం వెతుకుతున్నారో చూశాం. ఆటపాక పెలికాన్లు, పడవ షికారు, పెద్దింట్లమ్మ గుడికి దారి, చేపల పులుసు. లంకల్లో తాగేనీళ్ళ గురించి అడిగేవాళ్ళు లేనట్టే. చుట్టూ నీళ్ళే ఉన్నా తాగడానికి డబ్బా నీళ్ళు కొనుక్కునే ఊళ్ళవి. ఆ డబ్బాలు మోసేదెవరో, నీళ్ళు రాని రోజున తిట్లు తినేదెవరో వేరే చెప్పాలా? కానీ ఎవరూ వెతకలేదు కనక రాయక్కర్లేదు. వెతకాల్సిన మనిషి దగ్గర ఫోను ఉందా, ఉంటే అది ఎవరి జేబులో ఉంది అన్న ప్రశ్న ఆ లెక్కలోకి రాదు.

1999లో కొల్లేరుని అభయారణ్యం అన్నారు, 308 చదరపు కిలోమీటర్లు, ఐదో కాంటూరు వరకు. 2002లో రామ్‌సార్ జాబితాలో చేరింది. 2006లో 'ఆపరేషన్ కొల్లేరు' పేరుతో చేపల చెరువుల గట్లు పేల్చేశారు. సరస్సుని మింగేసిన చెరువులు పోవలసినవే, అందులో నాకు సందేహం లేదు. కానీ ఆ గట్ల మీద కూలి చేసుకునేవాళ్ళూ, సొసైటీల్లో పేరు మాత్రం ఉండి పెత్తనం బయటి పెట్టుబడిదారుడి చేతిలో ఉన్న వడ్డెలూ దళితులూ ఏమయ్యారు? ఆ ఇళ్ళల్లో ఆడవాళ్ళు సంసారం ఎలా ఈదారు? ఇవాళ తెల్లవారుజామున బస్సెక్కి రొయ్యల ఫ్యాక్టరీలకి వెళ్ళి, ఐసులో వేళ్ళు మొద్దుబారేదాకా రొయ్యల తలలు తీసేవాళ్ళని అడిగితే చెప్తారు. అడగాలి కదా. మా పాఠంలో అడగడం లేదు, వెతికినవాళ్ళకి చెప్పడమే ఉంది.

పోనీ వెతుకులాట పెరిగినప్పుడైనా నిజం బయటికొస్తుందా? 2020 డిసెంబరులో మా ఏలూరులో వందలమంది ఉన్నట్టుండి మూర్ఛలతో పడిపోయారు. దేశమంతా మా ఊరి పేరే వెతికింది. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు, పురుగుమందులన్నారు. కొన్నాళ్ళకి వెతకడం ఆగింది, రాయడం ఆగింది. మంచినీళ్ళు పట్టుకునేటప్పుడు మా ఇళ్ళలో పుట్టిన భయం మాత్రం వెంటనే పోలేదు.

ఇక 'ఆథెంటిక్' సంగతి. మా క్లాసులో అబ్బాయిలకి ఫోన్లు, వ్యాపారం, క్రికెట్టు. అమ్మాయిలకి మాత్రం 'మీ సొంత కథ చెప్పండి' అని సలహా. మొదటి నెలసరి, ఒంటి రంగు, తప్పిపోయిన పెళ్ళి సంబంధం. కన్నీళ్ళు ఎక్కువమంది చదువుతారట. వ్యక్తిగతం కూడా రాజకీయమే అని స్త్రీవాదులు ఎంతో పోరాడి చెప్పారు. ఈ బజారు అందులో వ్యక్తిగతాన్ని ఉంచుకుని రాజకీయాన్ని పారేసింది. ఏడవచ్చు, ఎవరివల్ల ఏడుస్తున్నామో చెప్పకూడదు. చెబితే 'నెగెటివ్'. తాడేపల్లిగూడెం లాంటి ఊళ్ళో సొంత పేరుతో రాస్తే మేనత్త నుంచి పక్కింటివాళ్ళ దాకా జవాబు చెప్పుకోవలసింది ఆ పిల్లే. లాభం మాత్రం ఇంకెవరికో.

ఈ పనివల్ల మేలు లేదని అనను. హైదరాబాదు పంపని ఇళ్ళలో ఉన్న ఆడపిల్లలు నాలుగు గోడల మధ్యనుంచే నాలుగు రాళ్ళు సంపాదించుకుంటున్నారు. అది చిన్న విషయం కాదు. అయితే ఏం రాస్తున్నారు? ఎక్కడో ఉన్న కంపెనీ యజమాని 'నా జీవితంలో నేను నేర్చుకున్నవి' అని తన పేరుతో వేసుకునే ఆథెంటిక్ కథలు! వంటింటి చాకిరీలాగే దీనికీ పేరుండదు. ఇప్పుడు ఆ కూలి కూడా యంత్రానికి పోతోంది.

ఎవరూ అడగనివాటిని రాయడమే మన ఆడవాళ్ళ రాతకి పునాది. 1901లో భండారు అచ్చమాంబ 'అబలా సచ్చరిత్ర రత్నమాల' వేసినప్పుడు స్త్రీల చరిత్ర కావాలని జనం వెతుక్కుంటున్నారా? ఆడవాళ్ళకి తెలివి లేదన్నవాళ్ళకి జవాబుగా, బడికెళ్ళి చదవని మనిషి, పూనుకుని రాసింది. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి వెళ్ళి, కూర్చుని, విని, 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చారు. ఆ స్త్రీలని అంతకుముందు అడిగినవాళ్ళెంతమంది?

నేను రాసిచ్చినదానికి 'వాయిస్ బాగుంది, డిమాండ్ లేదు' అన్నారు. పక్షులతో మొదలుపెట్టి, నీళ్ళ సంగతి తీసేసి మళ్ళీ ఇమ్మన్నారు. ఇవ్వలేదు. కోర్సు ఫీజు తీసుకునేవాళ్ళు ఒక్క వారమైనా, ఎవరూ వెతకని విషయాన్ని వెళ్ళి అడిగి తెలుసుకోవడం ఎలాగో, రాసినదాన్ని వాళ్ళకే చదివి వినిపించి తప్పులు దిద్దించుకోవడం ఎలాగో నేర్పాలి. ఏలూరు నుంచి గుడివాకలంక ఏమంత దూరం కాదు.