జల్జలా ఆగాక మొదలయ్యే పని

భూకంపం అనగానే మనకు గుర్తొచ్చేది ఆ ఒక్క నిమిషమే. ఎంత తీవ్రత, ఎన్ని సెకన్లు, ఎన్ని ఇళ్లు కూలాయి, అంతే. అణు విద్యుత్ కేంద్రం దగ్గర హిసాబ్ వేరు. జల్జలా వచ్చి పోయాకే అక్కడ అసలు ముసీబత్ మొదలవుతుంది. గంటలు, రోజులు, ఒక్కోసారి నలభై ఏళ్లు నడుస్తుంది. ఆ ఇంతెజామ్ ఎవరి చేతుల్లో ఉంది, వాళ్లకు ఎంత ఇఖ్తియార్ ఇచ్చారు, వాళ్లు అవామ్‌కు నిజం చెప్తారా లేదా? మనం అడగాల్సింది ఇవి.

"తిరుపతిలో కూర్చుని అణు కేంద్రాల గొడవ నీకెందుకు భాయ్, సముద్రం యాడ, మనం యాడ" అని నవ్వే దోస్తులున్నారు. వాళ్ల కోసం ఒక చిన్న లెక్క. కల్పక్కం నుంచి తిరుపతికి ఆకాశంలో గీత గీస్తే దాదాపు 145 కిలోమీటర్లు. చిత్తూరు ఇంకాస్త దగ్గర. సత్యవేడు, నగరి వాళ్లకు మరీ దగ్గర. తిరుమల కొండ మీదికి రోజూ అరవై, డెబ్భై వేల మంది వచ్చిపోతుంటారు. 2011లో ఫుకుషిమా కాలుతున్నప్పుడు జపాన్ ప్రధానికి అందిన అత్యంత చెడ్డ అంచనాలో గీసిన వృత్తం 250 కిలోమీటర్లు. కల్పక్కం పాత రియాక్టర్లు చిన్నవి, ఒక్కోటి 220 మెగావాట్లే, రకం కూడా వేరు. ఆ వృత్తాన్ని యథాతథంగా తెచ్చి ఇక్కడ అతికిస్తే బేఈమానీ అవుతుంది. భయపెట్టడం నా ఉద్దేశం కాదు. దూరం అనే మాట మీద అంత భరోసా వద్దంటున్నా.

దూరం సంగతి కల్పక్కమే చెప్పింది. 2004 డిసెంబరు 26, ఆదివారం. పొద్దున ఆరున్నరకు సుమత్రా దగ్గర సముద్రం అడుగున భూమి కదిలింది. కల్పక్కానికి దాదాపు రెండు వేల కిలోమీటర్ల దూరం. ఇక్కడ గోడ మీద పటం కూడా రాలి ఉండదు. రెండు గంటలు దాటాక, తొమ్మిది ప్రాంతంలో, అలలొచ్చాయి. ఒక రియాక్టర్ అప్పటికే మరమ్మతుల కోసం ఆపి ఉంది. రెండోది నడుస్తోంది. సముద్రపు నీళ్లు పంప్ హౌస్‌లోకి ఎక్కాయి, పంపులు ఆగాయి, రియాక్టర్ ఆగింది. డ్యూటీలో ఉన్నవాళ్లు దాన్ని సురక్షితంగా చల్లబరిచారు. వారంలో మళ్లీ కరెంటు ఇచ్చింది. వాళ్లకు షాబాష్ చెప్పాల్సిందే. కానీ అదే పొద్దున పక్కనే ఉన్న టౌన్‌షిప్‌లో ఉద్యోగులు, వాళ్ల పిల్లలు అలల్లో కొట్టుకుపోయారు. రియాక్టర్‌ను కాపాడిన ఇంతెజామ్ ఇంట్లో ఉన్న మనుషుల దాకా రాలేదు. మధ్యలో రెండు గంటలకు పైగా వ్యవధి ఉంది. ఖబర్ చేరవేసే ఏర్పాటు మాత్రం లేదు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌లో సునామీ హెచ్చరిక కేంద్రం మొదలైంది 2007లో, అన్నీ అయిపోయాక.

ఆగిన రియాక్టర్‌తో ఇంకా భయమేంటి అని కొందరడుగుతారు. మన ఇళ్లల్లో దమ్ బిర్యానీ చేసేవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. కింద మంట తీసేసినా మూత మీద నిప్పులుంటాయి, దేగ్ లోపల ఉడుకుతూనే ఉంటుంది. తేడా ఏంటంటే ఆ నిప్పుల్ని చిమటాతో తీసి పక్కన పడేయొచ్చు, రియాక్టర్‌లో నిప్పు ఇంధనం కడుపులోనే ఉంటుంది. ఆపిన క్షణంలో కూడా మామూలు వేడిలో ఆరేడు శాతం పుడుతూనే ఉంటుంది. అది తగ్గుతుంది గానీ నెమ్మదిగా తగ్గుతుంది. దానికి నీళ్లు కావాలి, నీళ్లు తోయడానికి పంపులు కావాలి, పంపులకు కరెంటు కావాలి. భూకంపం మొదట తెంపేది ఆ కరెంటునే. మొత్తం కథ ఇదే.

ఫుకుషిమాలో జరిగిందీ ఇదే. 2011 మార్చి 11, మధ్యాహ్నం 2:46. తీవ్రత 9. నడుస్తున్న మూడు రియాక్టర్లూ వాటంతట అవే ఆగాయి. బయటి కరెంటు పోయింది, డీజిల్ జనరేటర్లు లేచాయి. అంతవరకూ అంతా కాగితం మీద రాసుకున్నట్టే. యాభై నిమిషాల తర్వాత దాదాపు 14, 15 మీటర్ల ఎత్తున నీళ్లొచ్చాయి. కంపెనీ లెక్కల్లో రాసుకున్నది 5.7 మీటర్లు. నేలమాళిగల్లో పెట్టిన జనరేటర్లు మునిగాయి, బ్యాటరీలు మునిగాయి. కంట్రోల్ రూమ్‌లో చీకటి. లోపల నీళ్లెంత ఉన్నాయో చూడటానికి కార్ల బ్యాటరీలు ఊడదీసుకొచ్చి మీటర్లకు తగిలించారు. రియాక్టర్‌లోకి నీళ్లు కొట్టడానికి ఫైరింజన్లు పెట్టారు. ప్రపంచంలో టెక్నాలజీకి పేరుపడ్డ ముల్క్ పరిస్థితి అది.

మసావో యోషిదా అని, ఆ ప్లాంట్ మేనేజర్. మార్చి 12 సాయంత్రం సముద్రపు నీళ్లు ఎక్కించడం మొదలుపెట్టాడు. ఉప్పునీళ్లు పోస్తే రియాక్టర్ ఇక పనికిరాదు. ప్రధాని కార్యాలయం ఇంకా ఫైస్లా చేయలేదు, ఆపండి అని కంపెనీ పెద్దల నుంచి హుకుమ్ వచ్చింది. యోషిదా ఏం చేశాడంటే, ముందే తన మనిషిని పిలిచి "నేను ఆపమని అరుస్తా, నువ్వు మాత్రం ఆపకు" అని చెప్పి, తర్వాత వీడియో కాన్ఫరెన్స్‌లో అందరూ వినేలా ఆపమన్నాడు. నీళ్లు ఆగలేదు. 2013లో ఆయన క్యాన్సర్‌తో చనిపోయాడు. ఆయనను హీరో అంటారు, అనాల్సిందే. నాకు మాత్రం ఆ కథ విన్నప్పుడల్లా గుండె దడ. స్థలం మీద ఉన్నవాడు సరైన పని చేయడానికి అబద్ధం ఆడాల్సి వచ్చిందంటే, ఆ నిజామ్‌లో ఏదో కుళ్లు ఉంది. నీళ్లు పోయాలా వద్దా అనే ఇఖ్తియార్ గేటు లోపల ఉన్నవాడి చేతిలో, రాతపూర్వకంగా, ముందే ఉండాలి. రాజధానిలో ఫోన్ ఎత్తేవాడి చేతిలో కాదు.

మన దగ్గరా ఇలాంటి రాత్రి ఒకటి గడిచింది, చాలామందికి తెలీదు. 1993 మార్చి 31, ఉత్తరప్రదేశ్‌లోని నరోరా. భూకంపం కాదు, టర్బైన్ హాల్లో మంటలు. కేబుళ్లు కాలిపోయి 17 గంటలు కరెంటు లేదు. పొగకు కంట్రోల్ రూమ్‌లో ఉండలేకపోయారు. సిబ్బంది టార్చి లైట్లు పట్టుకుని చీకట్లో పైకెక్కి, చేతులతో వాల్వులు తిప్పి బోరాన్ ద్రవం వదిలారు. మంటలార్పే డీజిల్ పంపులతో నీళ్లు పంపించి వేడి దించారు. వాళ్ల పేర్లు మన పాఠ్యపుస్తకాల్లో లేవు. ఫుకుషిమా మీద సినిమాలొచ్చాయి, నరోరా మీద మనకు ఒక పాఠం కూడా లేదు.

అదే జపాన్‌లో, అదే రోజు, అదే జల్జలా కేంద్రానికి ఫుకుషిమా కంటే దగ్గరగా ఒనగావా అనే ఇంకో ప్లాంటుంది. అది బతికింది. యానొసుకే హిరాయ్ అనే ఇంజనీరు, పాత కాలపు సునామీలు గుర్తుపెట్టుకుని, ప్లాంటు 14.8 మీటర్ల ఎత్తున కట్టాల్సిందేనని పట్టుబట్టాడు. ఖర్చు ఎక్కువన్నా వినలేదు. ఆ సునామీ వచ్చేనాటికి ఆయన బతికి కూడా లేడు. ఫుకుషిమాలో ఏం చేశారు? 35 మీటర్ల గుట్ట ఉంటే దాన్ని 10 మీటర్లకు తవ్వి, దించి, కట్టారు. తవక్కుల్ వేరు, లాపర్వాయీ వేరు అని మా పెద్దలు అనేది ఇలాంటిచోటే.

ఇక జనాన్ని తరలించే సంగతి. ఇక్కడ నేను కాస్త ఎక్కువసేపు ఆగుతా. మన దేశంలో అణు కేంద్రం చుట్టూ అత్యవసర ప్రణాళిక 16 కిలోమీటర్ల వరకు వేస్తారు. ఫుకుషిమాలో 20 కిలోమీటర్ల వృత్తం గీశారు. గాలి వృత్తాలు చూసి వీయదు కదా. ఆ విషం వాయవ్యం వైపు తిరిగి, దాదాపు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈతాతే అనే పల్లె మీద కురిసింది. గాలి ఎటు పోతుందో లెక్కగట్టే కంప్యూటర్ వ్యవస్థ హుకూమత్ దగ్గర ఉంది, దాని అంచనాలు సమయానికి జనానికి చేరలేదు. నామీ ఊరివాళ్లు ప్రాణభయంతో పరుగెత్తి, విషం పోతున్న దిక్కుకే పోయి తలదాచుకున్నారు. ఫుతాబా ఆసుపత్రి నుంచి మంచాన పడ్డ ముసలివాళ్లను బస్సుల్లో గంటలకొద్దీ తిప్పారు, నలభై మందికి పైగా ఆ తరలింపులోనే, తర్వాతి రోజుల్లోనే చనిపోయారు. రేడియేషన్‌తో కాదు. చలితో, మందులందక, చూసే దిక్కులేక. ఫుకుషిమా జిల్లాలో ఇలా తరలింపు బాధలకు పోయినవాళ్లు రెండు వేల మూడు వందలు దాటారు.

ఒక చిన్న ఊరు మాత్రం వేరే దారి పట్టింది. మిహరు. పై నుంచి హుకుమ్ రాకపోయినా, గాలి మళ్లుతోందని గమనించి, మార్చి 15న అయోడిన్ మాత్రలు పంచేశారు. వెనక్కి తీసుకోండి అని పైవాళ్లు అన్నారు, తీసుకోలేదు. ఆ మాత్ర గాలి రాకముందో, వచ్చిన వెంటనేనో వేసుకోవాలి, అదీ థైరాయిడ్‌ను మాత్రమే కాపాడుతుంది. ఫైలు కదిలేదాకా ఆగితే అది సున్నం బిళ్లతో సమానం.

2024 జనవరి 1న నోతో భూకంపం ఇంకో పాఠం చెప్పింది. అక్కడి షికా ప్లాంటు 2011 నుంచి మూసే ఉంది, కాబట్టి పెద్ద ప్రమాదం తప్పింది. కానీ ప్రణాళికలో "ఈ రోడ్ల మీద జనాన్ని తరలిస్తాం" అని రాసుకున్న రోడ్లే చాలావరకు తెగిపోయాయి. "తలుపులు మూసుకుని ఇంట్లో ఉండండి" అందామంటే ఇళ్లే కూలాయి. భూకంపం, అణు ప్రమాదం ఒకేసారి వస్తే కాగితం మీది ప్లాన్ సగం చిరిగిపోతుంది.

మన రోడ్ల హాల్ మనకు తెలీదా? 2021 నవంబరు వానలకు తిరుపతి గల్లీలు చెరువులయ్యాయి. రాయలచెరువు కట్టకు గండి పడుతుందేమోనని కింది పల్లెలు ఖాళీ చేయించారు. డిసెంబరు 1న రెండో ఘాట్ రోడ్డు మీద బండలు విరిగిపడి దారి మూతపడింది. మొన్న 2025 జనవరి 8న వైకుంఠద్వార దర్శనం టోకెన్ల కోసం నిలబడ్డ జనంలో తొక్కిసలాటై ఆరుగురు పోయారు. పండుగ తేదీ ముందే తెలుసు, జనం వస్తారని తెలుసు, పోలీసులున్నారు. అయినా అలా అయ్యింది. ఇక తేదీ తెలియని, కంటికి కనబడని, వాసన లేని ఖతరా వస్తే? చెన్నై నుంచి లక్షలమంది మన వైపు బండ్లు కడితే? వాళ్లకు అన్నం, నీళ్లు, దవాఖానా, ఇదంతా చూడాల్సింది తిరుపతి, చిత్తూరు, వేలూరే. కల్పక్కం ప్రమాదంలో మన పాత్ర బహుశా పారిపోయేవాళ్లది కాదు, మేజ్‌బాన్‌లది. దానికి తయ్యారీ ఉందా అని ఏ కలెక్టరాఫీసులోనూ ఎవరూ అడగడం నేను వినలేదు.

ఇంకోటి, అఫ్వాలు. హుకూమత్ నోరు మూసుకున్న ప్రతి గంటా వాట్సాప్ నోరు తెరుస్తుంది. చిత్తూరు తోతాపురి గుజ్జు సముద్రాలు దాటి పోతుంది, పాలు రోజూ చెన్నైకి పోతాయి. ఒక్క పుకారు చాలు, రైతు మామిడి రోడ్డు పక్కన పారబోసుకోవడానికి. జపాన్‌లో ఏళ్లు గడిచినా, పరీక్షలో పాసైనా, ఫుకుషిమా చేపలు, పండ్లు కొనడానికి వెనకాడినవాళ్లున్నారు. అందుకే పాలు, నీళ్లు, కూరగాయలు కొలిచే ఏర్పాటు ప్రమాదం రాకముందే ఉండాలి. ఆ అంకెలు రోజూ జనం ముందు, తెలుగులో ఉండాలి. మంచి రోజుల్లో అంకెలు చూపించిన చేతినే చెడ్డ రోజున జనం నమ్ముతారు.

తెలిసీ వదిలేయడం మనకు జపాన్ నేర్పాల్సిన విద్య కాదు. 2021 నవంబరు 19న రాజంపేట దగ్గర అన్నమయ్య ప్రాజెక్టు తెగింది. ఐదు గేట్లలో ఒకటి పైకి లేవలేదు. పులపత్తూరు, మందపల్లి, తొగురుపేట ఊడ్చుకుపోయాయి. ఒక్క గేటు, భాయ్. మరమ్మతు చేసి ఉంటే అనే మాట ఆ పల్లెల్లో ఇప్పటికీ వినబడుతుంది.

ఇప్పుడు శ్రీకాకుళం జిల్లా కొవ్వాడలో ఒక్కోటి 1208 మెగావాట్ల రియాక్టర్లు ఆరు కడతామంటున్నారు. కల్పక్కం పాత రియాక్టర్‌కు ఒక్కొక్కటి ఐదింతలు. కరెంటు వద్దని నేను అనను. బొగ్గు పొగ మింగేవాడూ గరీబే. కానీ అడగాల్సినవి అడుగుతా. 2011లో అణు భద్రతకు స్వతంత్ర సంస్థ కావాలని పార్లమెంటులో బిల్లు పెట్టి, 2014లో లోక్‌సభతో పాటే దాన్నీ మురగబెట్టారు. అంతకుముందు 2010 చట్టంలో ప్లాంటు నడిపేవాళ్ల పరిహారానికి 1500 కోట్ల రూపాయల హద్దు గీశారు. ఫుకుషిమా కంపెనీ చెల్లించిన పరిహారం పది లక్షల కోట్ల యెన్‌లు దాటింది, మన రూపాయల్లో ఐదు లక్షల కోట్ల పైమాటే. పక్కపక్కన పెట్టి చూసుకోండి.

జపాన్‌లో ఆ కరిగిన ఇంధనం, శిథిలాలు కలిపి దాదాపు 880 టన్నులు ఇంకా లోపలే ఉన్నాయి. 2024 నవంబరులో మొదటిసారి ఒక ముక్క బయటికి తీయగలిగారు, ఒక గ్రాము కూడా లేదు. ఆ పని చేస్తున్నవాళ్లలో ఎక్కువమంది కాంట్రాక్టు మజ్దూర్లు. కొవ్వాడలో బహిరంగ విచారణ జరిగే రోజున ఎవరైనా లేచి, చెడిపోయిన ప్లాంటులోకి మొదట ఎవరిని పంపుతారు, పర్మనెంటు వాళ్లనా, కాంట్రాక్టు వాళ్లనా, వాళ్ల పిల్లలకు ఏం రాసిస్తారు అని అడిగితే, ఆ జవాబును మినిట్స్‌లో అక్షరం పోకుండా రాయించుకోండి.