పాటకు పరీక్ష: చౌక స్పీకరు

మన కళాశాలలో పాడేవారికి కొదువ లేదు. నాత్ పఠించేవారు, ఖవ్వాలీ పాడేవారు, లలితగీతాలు ఆలపించేవారు ఏటేటా వస్తూనే ఉన్నారు. వీరిలో కొందరు ఇంటనే కంప్యూటరు ముందు కూర్చుండి గొంతు, దఫ్, హార్మోనియం వేర్వేరుగా రికార్డు చేసి, వాటి హెచ్చుతగ్గులు సరిచూచి ఒక్కటిగా కూర్చుతున్నారు. దీనినే మిక్సింగ్ అంటారు. ఈ ఉత్సాహం ముచ్చట గొలిపేదే. అయితే ఆ కూర్పును వారు పరీక్షించే తీరుతో మాత్రం మేము ఏకీభవించలేము. మంచి హెడ్‌ఫోన్లు తగిలించుకొని, తలుపు మూసి, విని, తృప్తిపడి, అంతటితో పని ముగిసిందని భావిస్తున్నారు.

ఆ పాట వినబడే చోటు ఏది? పొయ్యి పక్క గోడకు ఆనించిన సెల్‌ఫోను. ఆటోలో డ్రైవరు తల వెనుక బిగించిన స్పీకరు. టీ దుకాణం. పెండ్లి పందిట్లో గుంజకు కట్టిన బాకా మైకు. మన శ్రోతలు అక్కడ ఉన్నారు. వారు విననిదానిని మనం వినిపించామని చెప్పుకోవడం న్యాయం కాదు.

ఇందులోని శాస్త్రం కొంత తెలుసుకోవలె. చిన్న స్పీకరు మంద్రధ్వనులను పలికించలేదు. పురుషుని కంఠపు మూల పౌనఃపున్యం సాధారణంగా 100 నుండి 150 హెర్ట్జ్‌ల ప్రాంతంలో ఉంటుంది. పాత టెలిఫోను తీగ మోసినది 300 నుండి 3400 హెర్ట్జ్‌ల వరకే. అయినను ఫోనులో నాన్నగారి గొంతును గుర్తుపట్టని బిడ్డ ఉన్నాడా? మూలస్వరం అందకపోయినా, దానిపై పుట్టే అనుస్వరాలను బట్టి చెవి దానిని ఊహించుకొంటుంది. గొంతుకు అనుస్వరాలు సమృద్ధి గనుక అది బ్రతికిపోతుంది. దఫ్ మీది మందపు దెబ్బకు ఆ భాగ్యం తక్కువ. సెల్‌ఫోనులో అది మాయమై పాటకు తాళమే లేకుండా పోతుంది. అట్టప్పుడు మంద్రాన్ని మరింత పెంచడం వృథా ప్రయాస. చర్మంపై వ్రేళ్లు తగిలే చప్పుడును కాస్త పైకి తేవలె.

ఇంతకన్న ముఖ్యమైనది మాట. అచ్చులలో బలమున్నది, హల్లులలో అర్థమున్నది. హల్లులు క్షణికమైనవి, బలహీనమైనవి. హార్మోనియం కొంచెం హెచ్చినా, ప్రతిధ్వని కొంచెం ఎక్కువైనా మునిగిపోతాయి. అరబ్బీ నుండి వచ్చిన ‘ఖల్బ్’ కంఠమూలం నుండి పుట్టే ఖాఫ్‌తో పలికితే హృదయం. మామూలు కాఫ్‌తో ‘కల్బ్’ అయితే కుక్క. (మన దక్కనీ నాలుక ఆ ఖాఫ్‌ను ఏనాడో గరగరలాడే ఖకారంగా మార్చుకొన్న సంగతి వేరు.) తెలుగులో కరము చేయి, ఖరము గాడిద. భక్తితో పాడిన పాటలో ఇట్టి పొరపాటు వినబడితే దోషం పాడినవారిది కాకపోవచ్చును, కూర్చినవారిది కావచ్చును. కూర్చినవారికి సాహిత్యం కంఠస్థం. చెవికి అందని అక్షరాన్ని మనసు పూరిస్తుంది. వినేవారికి ఆ సదుపాయం లేదు.

పెద్దపెద్ద స్టూడియోల వారు ఈ మర్మం ఎన్నడో గ్రహించారు. 1960ల దశకంలో అమెరికాలోని డెట్రాయిట్ నగరంలో మోటౌన్ సంస్థ వారు తమ పాటలను కారు రేడియో స్పీకరు వంటి చిన్నదానిపై విని చూచుకొనేవారు. 1982లో వెలువడిన మైకేల్ జాక్సన్ ‘థ్రిల్లర్’ను కూర్చిన బ్రూస్ స్వీడియన్ ఆరటోన్ అనే చిన్న ఘనాకారపు పెట్టెలపై వినేవారు. ఖరీదైన యంత్రాలు వారికి లేక కాదు. 1978లో యమహా సంస్థ ఇండ్లలో వాడుకకై తెచ్చిన ఎన్‌.ఎస్‌.10 తరువాత లోకమంతటా స్టూడియోలలో వెలసింది.

మరొక చిక్కు ఉన్నది. హెడ్‌ఫోన్లలో కుడి, ఎడమ ధ్వనులు వేర్వేరు. బాకా మైకులో రెండూ ఒకటే అవుతాయి. కోరస్‌ను విశాలంగా వినిపించాలని చేసే కొన్ని కిటుకుల వలన ఒక వైపు అల ఎగసినప్పుడు రెండవ వైపు అల దిగుతుంది. రెండింటినీ కలిపితే కోరస్ క్షీణిస్తుంది, ఒక్కొక్కప్పుడు బొత్తిగా పోతుంది. ఒంటి స్పీకరుపై ఒక్క నిమిషం వింటే ఇది బయటపడుతుంది.

“చౌక వస్తువు కోసం కళను దిగజార్చవలెనా?” అని అడిగేవారున్నారు. దిగజార్చమని మేము అనడం లేదు. చౌక స్పీకరు ఒక సాక్షి మాత్రమే, న్యాయాధిపతి కాదు. కరెంటు వలన చేరే 50 హెర్ట్జ్‌ల గుమగుమ దానిలో వినబడదు. అదే సభామందిరపు పెద్ద పెట్టెలలో హోరెత్తుతుంది. మందధ్వనుల సంగతి మంచి యంత్రంపైనే తేల్చుకోవలె. చిన్నదానిని మెప్పించాలని మందాన్ని దట్టిస్తే పెద్దదానిలో పాట బురద అవుతుంది. మాటల స్పష్టత, గొంతుకూ వాద్యాలకూ గల పొత్తు, ఈ రెండింటి విషయంలో మాత్రం చౌక స్పీకరు సాక్ష్యం తిరుగులేనిది. అదియును తక్కువ ధ్వనిలో వినవలె. ధ్వని పెంచితే ఏ పాటయినా బాగున్నట్లే తోస్తుంది.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. వార్షికోత్సవానికై ధ్వనిసామగ్రి కొనేటప్పుడు జాబితాలో చివర ఒక ఒంటి స్పీకరును, అంగడిలో దొరికే వాటిలో చౌకదానిని చేర్చండి. విద్యార్థుల కూర్పులను ముందుగా దానిపై, వరండాలో, నలుగురూ తిరిగే వేళ వినిపించండి. ఉర్దూ పాటకు తెలుగు విభాగం నుండి ఉర్దూ వచ్చినవారిని, తెలుగు పాటకు ఉర్దూ విభాగం వారిని, ఆ పాట మునుపు విననివారిని చూచి కూర్చుండబెట్టి, వినబడిన మాటలు కాగితంపై వ్రాయించండి.