రామచంద్రయ్యగారి పాటలు ఎవరికొరకు వెలువడవలెను?

మనుష్యుడు ఈ లోకమున విడిచిపోవు ఆస్తులలో కంఠస్వరమంత త్వరగా నశించునది మరియొకటి లేదు. ఇల్లు నిలుచును, పొలము నిలుచును, చేవ్రాలు సైతము కొంతకాలము నిలుచును. స్వరము మాత్రము ఊపిరితో కూడ వెడలిపోవును. 1877వ సంవత్సరమున ఎడిసనుగారు ఫోనోగ్రాఫును కనుగొనిన పిమ్మట ఈ నియమము కొంత సడలి, గతించినవారి పలుకును వినుట సాధ్యమైనది. అయితే వినుట సాధ్యమగుట వేరు, వినుట వేరు. పట్టిన స్వరము పెట్టెలోనే యుండిపోయినయెడల అది పట్టనిదానితో సమానమే.

మన మణుగూరు మండలమందలి కూనవరము గ్రామవాసియు, కోయడోలి కళాకారుడును, పద్మశ్రీ బిరుదాంకితుడునైన సకిని రామచంద్రయ్యగారు 2024వ సంవత్సరము జూన్ మాసమున కన్నుమూసిరి. నాటినుండి మన విద్యార్థులలో కొందరును, వారి తలిదండ్రులును ఒక ప్రశ్న అడుగుచున్నారు. ఆయన పాడగా పరిశోధకులు, పత్రికలవారు, టెలివిజనువారు, ఊరివారు పట్టుకొనిన పాటలన్నియు ఒకచోట చేరి ఎప్పుడు వెలువడును? ప్రశ్న మంచిది. కాని "ఎప్పుడు" అని అడుగుటకు ముందు "ఎవరికొరకు" అని అడుగవలయునని నా అభిప్రాయము. ఈ రెండవ ప్రశ్నకు సరియైన ఉత్తరము దొరకనిచో మొదటిది నెరవేరినను ఫలము స్వల్పము.

డోలివారనగా ఎవరో ఎరుగని పిల్లలు మన తరగతులలో ననేకులు గలరు. గనులలోను, భారజల కర్మాగారమునందును, విద్యుత్కేంద్రమునందును పనిచేయుటకై దూరప్రాంతములనుండి వచ్చిన కుటుంబముల పిల్లలు, కోయగూడెముల పిల్లలతో ఒకే బల్లమీద కూర్చుండుచున్నారు. వారికొరకు కొంచెము వివరించెదను. కోయలలో గట్టులని పిలువబడు గోత్రవిభాగములు కలవు. ఆయా గట్టులవారి పుట్టుపూర్వోత్తరములు, ఇలవేల్పుల కథలు, వీరుల పోరాటములు వ్రాతగ్రంథములలో లేవు. అవి డోలివారి నాలుకయందున్నవి. వేల్పుల కొలుపునందును, పెద్దలు గతించినప్పుడును డోలివారు డోలు వాయించుచు వాటిని పాడుదురు. వారియొద్ద పడిగె యను పొడుగైన త్రికోణాకారపు వస్త్రముండును. దానిమీద మనుష్యుల బొమ్మలు, మృగముల బొమ్మలు, గుర్తులు వరుసగా నుండును. పాట సాగినకొలది ఆ బొమ్మలకు అర్థము తెలియుచుండును.

రామచంద్రయ్యగారు కోయభాషలోను తెలుగులోను పాడగల నేర్పరి. మేడారమున రెండేండ్లకొకమారు జరుగు జాతరకు మూలమైన సమ్మక్క సారలమ్మల కథను, పగిడిద్దరాజు మొదలగు వేల్పుల కథలను ఆయన తన పూర్వుల నోటినుండి గ్రహించి పాడుచుండెను. కంచుమేళము, కంచుతాళములతో కూడిన ఈ కళకుగాను భారత ప్రభుత్వమువారు 2022వ సంవత్సరమున ఆయనకు పద్మశ్రీ నొసంగిరి. అదే యేట భద్రాచల రామాలయమున నాదస్వర విద్వాంసులైయుండిన గోసవీడు షేక్ హసన్ గారికి మరణానంతరము అదే గౌరవము లభించినది. గౌరవము గాయకుని జీవితకాలములో వచ్చుటకును, తరువాత వచ్చుటకును ఎంత వ్యత్యాసమో ఈ రెండు ఉదాహరణములే చెప్పుచున్నవి.

పాటలు వెలువడుటకై ఎదురుచూచుట మనకొక్కరికే కలిగిన అనుభవము కాదు. జానపదపు బాణీని రాక్ సంగీతముతో మేళవించి పాడిన నీల్ యంగ్ అను కెనడాదేశపు గాయకుడు 1974, 1975 సంవత్సరములలో పాడి ఉంచిన పాటల సంపుటమొకటి 2020లో గాని వెలువడలేదు. బాబ్ డిలన్ 1967లో మిత్రులతో కలిసి పాడిన పాటలు పూర్తిగా ఆరు డిస్కులలో వెలువడుటకు 2014 వచ్చినది. వారి అభిమానులు అంతకాలము నిరీక్షించిరి. ఆ నిరీక్షణములో ఆనందము కలదు గాని అపాయము లేదు. ఏలయనగా ఆ గాయకులు తమ పాటలను తామే భద్రపరచుకొనిరి, ఏది వెలువరింపవలెనో ఏది దాచవలెనో తామే నిర్ణయించుకొనిరి. పాట ఆలస్యమైనను దాని భాష నశింపదు, దానిని నేర్చికొనువారు లోకమంతట నుందురు.

మన రామచంద్రయ్యగారి సంగతి అట్టిది కాదు. ఆయనకు స్టూడియో లేదు, పాటలను జాబితా వ్రాసి బీరువాలో సర్దిపెట్టు కొలువుకాండ్రు లేరు. ఆచార్య జయధీర్ తిరుమలరావుగారును వారి సహచరులును ఆయనచేత పడిగె కథను పాడించి గ్రంథముగా తెచ్చుట మనము కృతజ్ఞతతో స్మరింపవలసిన పని. మిగిలినవి తలయొకచోట ఉన్నవి. కొన్ని వీడియోలుగా అంతర్జాలమున తునకలు తునకలుగా కనబడుచున్నవి. జాతరనాడో కొలుపునాడో ఒకరు సెల్‌ఫోనులో పట్టుకొనిన పాట, ఆ ఫోను పాడైననాడు దానితోనే పోవును.

యంత్రము శాశ్వతమని నమ్మువారు ఒక విషయము తెలిసికొనవలెను. పాత టేపు అనగా ప్లాస్టిక్ పట్టీమీద జిగురుతో అంటించిన అయస్కాంతపు పొడి. గాలిలోని తేమను పీల్చి ఆ జిగురు మెత్తబడును, పొడి రాలిపోవును. మన గోదావరి తీరపు వర్షాకాలపు తేమకును, వేసవి యెండకును అది ఎంత తాళునో ఊహించుకొనుడు. టేపు చెడకున్నను దానిని తిప్పు యంత్రములు దొరకుట కష్టమగుచున్నది. అందుచేతనే యునెస్కోవారును, ధ్వనిభాండాగారముల అంతర్జాతీయ సంఘమువారును 2019లో ఒక హెచ్చరిక చేసిరి. 2025 నాటికి టేపులను కొత్త సాధనములలోనికి మార్పనిచో వాటిలోని స్వరములలో అధికభాగము దక్కుట అరుదని దాని సారాంశము. ఆ గడువు మనయెదుట లేదు, వెనుకకు పోయినది.

ఇక స్వరమును కాపాడినంతమాత్రమున కార్యము ముగియునా? ఇల్లలుకగానే పండుగ కాదు. గోదావరి కావలిగట్టున దుమ్ముగూడెమున మిషను సేవలో నుండిన జాన్ కెయిన్ దొరగారు 1876 మొదలుకొని ఇండియన్ యాంటిక్వరీ అను పత్రికలో కోయల ఆచారములను గూర్చి వ్రాసిరి. ఆ వ్రాతలు నేటికిని పరిశోధకులకు ఆధారములు. కాని అందు మాటలే గలవు, పాట యొక్క నడక లేదు. తరువాత గ్రియర్సన్ పండితుని భారతీయ భాషాసర్వేక్షణకు అనుబంధముగా ఇరువదవ శతాబ్దపు తొలిభాగమున గ్రామఫోను పలకలు తయారు చేయబడినవి. తప్పిపోయిన కుమారుని ఉపమానమును అనేక భాషలవారిచేత చెప్పించి పట్టిరి. ఆ స్వరములను ఇప్పుడు ఎవరైనను అంతర్జాలమున వినవచ్చును. వినుటకు గగుర్పాటు కలుగును. అయినను అవి ఒకే కథను పలు భాషలలో పోల్చిచూచుటకు పండితులు కోరగా చెప్పినవి. ఆ మాట చెప్పినవాని గూడెములో ఆ పలక ఎన్నడైనను మ్రోగినదా? అతని మనుమలు దానిని వినిరా? ఈ లోపమును మనము మరల చేయకూడదు.

కావున నా అభిప్రాయమును స్పష్టముగా చెప్పెదను. రామచంద్రయ్యగారి పాటలు ఎక్కడెక్కడ ఉన్నవో అవన్నియు మొదట ఆయన కుటుంబమునకును, ఆయా గట్టుల పెద్దలకును, కోయగూడెములకును చేరవలెను. లోకమునకు వెలువడుట ఆ తరువాతిది. దీనికి మూడు కారణములు గలవు.

మొదటిది న్యాయము. మన దేశపు 1957నాటి కాపీరైటు చట్టమునకు 1994లో జరిగిన సవరణచే గాయకునికి తన ప్రదర్శనమీద ప్రత్యేక హక్కు ఏర్పడినది. నేడు ఆ హక్కు యేబదియేండ్లు నిలుచును. యంత్రము తెచ్చినవాడొక్కడే పాటకు యజమాని కాడు. పాటవలన ధనము వచ్చినయెడల అందులో గాయకుని ఇంటివారికి భాగముండుట దయ కాదు, ధర్మము.

రెండవది మర్యాద. ప్రతి పాటయు ప్రతివాని చెవికొరకు పుట్టినది కాదు. వివాహ విందులో పాడునది అందరిదియు కావచ్చును. పెద్దల చావునందు ఒక గట్టువారికొరకు పాడునది ఆ గట్టువారిది. ఏది బయట వినిపింపవచ్చునో, ఏది సమయమునందే పాడవలెనో నిర్ణయింపవలసినవారు వారే. అన్నియు వెలువడలేదని మనము విసుగుకొనరాదు.

మూడవది అన్నిటికంటె ముఖ్యమైనది. పడిగె ఒక గ్రంథమనుకొన్నచో డోలివాడు దాని చదువరి. చదువరి లేని గ్రంథము బొమ్మల బట్ట. పురావస్తుశాలలో అద్దము వెనుక వ్రేలాడదీసిన పడిగెను చూచి మనము రంగులను మెచ్చుకొందుము గాని, ఏ బొమ్మ ఏ వీరునిదో, ఏ గుర్తు ఏ వలసకు సాక్ష్యమో చెప్పలేము. రామచంద్రయ్యగారి పాట ఆ లిపికి నిఘంటువు వంటిది. ఆ నిఘంటువు హైదరాబాదులోనో ఢిల్లీలోనో ఉండి, పడిగె గూడెములో ఉన్నయెడల రెండును నిరుపయోగములే. ఆ రెండును ఒకచోట చేరి, ఎదుట ఒక కోయ బాలుడు డోలు చేతబట్టి కూర్చుండిన దినమున గదా ఆ పాట నిజముగా వెలువడినట్లు! 2011నాటి జనాభా లెక్కలలో కోయభాష తమ భాషయని చెప్పినవారు నాలుగు లక్షలకు పైబడి యున్నారు. వినువారు ఇంకను గలరు. పాడువారే తరుగుచున్నారు.

ఇందుకు కొన్ని ఆక్షేపణలు రావచ్చును. రికార్డు ఉండగా మరల నేర్చికొనుట ఏల అని కొందరందురు. రికార్డు ఒక దినము పాడిన విధమునే చెప్పును. డోలివాడు ఎదుటనున్న కుటుంబమును చూచి, వారి పెద్దల పేర్లను కూర్చి పాడును. యంత్రము ఆ పేర్లను కూర్చలేదు. మరికొందరు, ఇవి అన్యదేవతల పాటలు గదా, క్రైస్తవ పాఠశాలకు వీటితో ఏమి పని అని అడుగవచ్చును. పొరుగువాని ప్రేమింపవలెనని బోధించు పాఠశాల, పొరుగువాని తాతముత్తాతల చరిత్రను తెలియకుండుట గొప్పతనము కానేరదు. ఒకని ఆరాధనలో పాలుపొందుట వేరు, అతని జ్ఞాపకమును గౌరవించుట వేరు. కెయిన్ దొరగారు కోయభాషను శ్రద్ధగా నేర్చుటవలన వారి విశ్వాసమునకు లోపము కలిగినట్లు ఎవరును చెప్పలేదు. మన పాఠశాలలో చదువుచున్న కోయ విద్యార్థి తన భాషను గూర్చి తలవంచుకొనకుండ ఉండవలెనన్నచో, ఆ భాషకొక ఘనమైన సాహిత్యము గలదని తోటి విద్యార్థులు ఎరుగవలెను.

విద్యార్థులారా, పెద్దలు చేయవలసినది పెద్దలు చేయుదురు గాక. మీరు చేయదగినది కూడ గలదు. మీ యింట ఎవరి ఫోనులోనైన డోలివారి పాట ఉన్నదేమో విచారింపుడు. ఉన్నచో పాడినవారి పేరు, ఊరు, గట్టు, తేది, సందర్భము ఒక కాగితముమీద వ్రాసిపెట్టుడు. పేరులేని స్వరము తండ్రి తెలియని బిడ్డ వంటిది. వాట్సప్పులో పంపినప్పుడు పాట కుదింపబడి దాని స్పష్టత తగ్గుచుండును గనుక అసలు ప్రతిని తుడిచివేయకుడు. మూడు ప్రతులుంచుడు, వాటిలో ఒకటి వేరొక ఊరియందుంచుడు. పాడినవారి అనుమతి లేనిదే ఎవరికిని పంపకుడు. కోయ విద్యార్థులు తమ అవ్వతాతలను అడిగి, పాటలోని ఒక్కొక్క మాటకు తెలుగున అర్థము వ్రాసినచో, ఏ విశ్వవిద్యాలయమును చేయలేని పని మీ నోటుపుస్తకము చేయును.

తలిదండ్రులకును, పాఠశాల పెద్దలకును నా మనవి యొకటే. మన గ్రంథాలయమున ఒక చిన్న బీరువా, ఒక కంప్యూటరు, వినుటకు నాలుగు జతల చెవిగొట్టములు ఏర్పరచిన చాలును. గట్టుల పెద్దలు సమ్మతించిన పాటలు అక్కడ నుండవలెను. ఏడాదికొకమారు డోలివారిని పిలిపించి, గౌరవ దక్షిణ యిచ్చి, పిల్లలకు పడిగెను చూపించి పాడుడని వేడుకొనవలెను. ఈ నేల అడుగున కోట్ల యేండ్లు దాగిన బొగ్గును త్రవ్వి పైకి తెచ్చుటకు మనవారు రాత్రింబవళ్లు శ్రమించుచున్నారు. ఒక్క తరము క్రిందట మన పొరుగూరిలో మ్రోగిన పాటను పైకి తెచ్చుట అంతకంటె కష్టమైన పని కాదు. రామచంద్రయ్యగారి స్వరము కూనవరమునకు మరల చేరుగాక, అక్కడనుండి లోకమునకు బయలుదేరుగాక.