గ్రాహకాల గుట్టు విప్పిన యువ పరిశోధకులు

కణం పైపొరలో ఇమిడి ఉండి బయటి కబురును లోపలికి చేరవేసే ప్రొటీన్లే గ్రాహకాలు. ఆస్తమా రోగి పీల్చే సాల్బుటమాల్ శ్వాసనాళాల్లోని బీటా-2 గ్రాహకాన్ని ప్రేరేపించి నాళాలను వదులు చేస్తుంది. గుండెదడకు వాడే ప్రొప్రనొలాల్ ఇదే కోవ గ్రాహకాలకు అడ్డుపడి అడ్రినలిన్‌ను దరిచేరనివ్వదు. ఇవి కణం లోపల కబురందుకునే జి-ప్రొటీన్‌తో జతకట్టే గ్రాహకాల కుటుంబానివి. వాడుకలో ఉన్న మందుల్లో దాదాపు మూడోవంతు ఈ కుటుంబం మీదే పనిచేస్తాయి.

కణంపై ఇలాంటి పదార్థం ఉండాలని కేంబ్రిడ్జిలో జాన్ లాంగ్లీ 1905లో ప్రతిపాదించారు. అడ్రినలిన్ గ్రాహకాలు ఆల్ఫా, బీటా అని రెండు రకాలని 1948లో రేమండ్ ఆల్క్విస్ట్ చెప్పారు. ఆ సంగతి రాసిన పత్రాన్ని మొదట ఒక పత్రిక తిప్పిపంపింది. ఆయన ఊహను పట్టుకునే 1960లలో జేమ్స్ బ్లాక్ ప్రొప్రనొలాల్‌ను తెచ్చారు. మందు తయారైనా, గ్రాహకం ఎలా ఉంటుందో అప్పటికి ఎవరికీ తెలియదు.

దాని రూపం తేల్చడంలో ప్రయోగశాలలో పడిన కష్టం ఎక్కువగా కుర్ర పరిశోధకులదే. డ్యూక్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ లెఫ్కోవిట్జ్ దగ్గర 1984లో చేరిన యువ వైద్యుడు బ్రయాన్ కోబిల్కా బీటా-2 జన్యువు వేటలో పడ్డారు. 1986లో అది దొరికింది. తీరా చూస్తే, కంట్లో వెలుగును పట్టే రొడాప్సిన్‌కూ దీనికీ పోలిక ఉంది; రెండూ కణపొరను ఏడేసిసార్లు దాటుతాయి. వేర్వేరనుకున్నవి ఒకే కుటుంబమని తేలిపోయింది.

రూపాన్ని చూడటానికి ప్రొటీన్‌ను స్ఫటికంగా మార్చడం అంతకన్నా కష్టమైంది. కొవ్వుపొర నుంచి బయటికి తీసి డిటర్జెంట్‌లో పెడితే ఈ ప్రొటీన్ త్వరగా చెడుతుంది. నిలకడ లేని మెలిక ఒకటి స్ఫటికం కట్టనివ్వదు. స్టాన్‌ఫర్డ్‌లో కోబిల్కా బృందంలోని ఇద్దరు పోస్ట్‌డాక్‌లు రెండు దారులు పట్టారు: డేనియల్ రోసెన్‌బామ్ ఆ మెలిక స్థానంలో లైసోజైమ్ అనే మరో ప్రొటీన్‌ను అతికించారు, సోరెన్ రాస్ముస్సెన్ యాంటీబాడీ ముక్కతో దాన్ని కట్టడి చేశారు. 2007లో రెండూ ఫలించాయి. గ్రాహకం జి-ప్రొటీన్‌ను పట్టుకుని ఉన్న రూపాన్ని 2011లో రాస్ముస్సెన్ తొలి రచయితగా ప్రకటించారు. ఆ జంట విడిపోకుండా ఆపిన నానోబాడీ (చిన్న యాంటీబాడీ ముక్క) లామా అనే జంతువుల నుంచి, బ్రస్సెల్స్‌లోని యాన్ స్టేయార్ట్ బృందం చేతి నుంచి వచ్చింది. మరుసటి ఏడు నోబెల్ లెఫ్కోవిట్జ్, కోబిల్కాలకు దక్కింది.

ఇలాంటి పనిచేసే యువ పరిశోధకులకు సదస్సుల్లో పోస్టర్ పక్కన నిలబడే చోటొక్కటే చాలదు, వేదికే కావాలి. ఏ డిటర్జెంట్‌లో ప్రొటీన్ చెడిందో, ఏ స్ఫటికం కరిగిపోయిందో ప్రచురిత పత్రంలో అరుదుగా కనిపిస్తుంది. ఆ సంగతి ముందే తెలిస్తే మరో ఊళ్లోని విద్యార్థికి నెలలు మిగులుతాయి. పూర్తికాని ఫలితం బయటపెడితే ఎవరో ముందు ప్రచురిస్తారన్న భయం న్యాయమైనదే. అందుకే తొలి ప్రకటనకు గుర్తింపు దక్కే ఏర్పాటు పెద్దలు చేయాలి.

మనిషిలో ఈ కుటుంబపు గ్రాహకాలు సుమారు 800. అందులో సగం వాసనకు సంబంధించినవి. తక్కినవాటిలో దాదాపు వందకు సహజంగా అతుక్కునే అణువేదో ఇంకా తేలలేదు. వాటిని అనాథ గ్రాహకాలంటారు. కొత్తగా పరిశోధన మొదలుపెట్టేవారికి తెరిచి ఉన్న పొలం అదే.