ఆడపిల్లని కాదు, ఆకాశాన్ని చూసి వద్దనండి

కోతల కాలంలో మా మిర్యాలగూడలో ఇంటికో వాతావరణ శాఖ తయారవుతుంది. చుట్టూ రైస్ మిల్లులు, కొనుగోలు కేంద్రాల దగ్గర వడ్ల కుప్పలు, రోడ్ల మీద ఆరబోసిన వడ్లు. బంగాళాఖాతంలో అల్పపీడనం అని టీవీలో వినిపిస్తే చాలు, టార్పాలిన్లు బయటికొస్తాయి. ఎల్లో అంటే ఏంటో, ఆరెంజ్ అంటే ఏంటో ఇక్కడ ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

అవే ఇళ్లల్లో పిల్లలు చలికాలం హిమాలయాలకు పోతామంటే మాత్రం అక్కడి ఆకాశం గురించి ఒక్కరూ అడగరు. వడ్లకున్న విలువ పిల్లలకు లేదా అని నాకు ఒళ్లు మండేది అక్కడే.

పోయిన డిసెంబర్‌లో మా అమ్మాయి స్నేహితురాళ్లతో కలిసి కేదార్‌కంఠ పోతానంది. ఉత్తరాఖండ్‌లో, ఉత్తరకాశీ జిల్లాలో ఉంటుందా కొండ. సాంక్రీ అనే ఊరి దాకా బండి పోతుంది, అక్కడినుంచి మంచులో నడక. హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకునే పిల్లలు ఈమధ్య చాలామందే పోతున్నారు. ఇంట్లో చెప్పగానే పంచాయితీ మొదలైంది.

"ఆడపిల్లను గా మంచుల తోలుతవా?" అని అత్తమ్మ. "రేపు సంబంధం చూసేటోళ్లకు తెలిస్తే ఏమనుకుంటరు?" అని మా వదిన. మా ఆయన ఖర్చు అడిగి ఊరుకున్నారు. ఇదే ఇంట్లో మా బావగారి అబ్బాయి రెండేళ్లు వరసగా మనాలి పోయాడు, జనవరి నెలలో. వాడినడిగింది ఒకటే, "స్వెటర్ పెట్టుకున్నవా బిడ్డా?"

ఈ రెండూ తప్పే అంటాను నేను. పిల్లను ఆపడానికి చెప్పిన కారణం కారణమే కాదు. పిల్లాడిని అడగాల్సింది అడగనేలేదు. మంచు వచ్చినవాళ్లది ఆడో మగో చూసి పడదు కదా.

"బియాస్ మర్చిపోయినవా?" అన్నారు ఇంకొకరు. ఎట్లా మర్చిపోతాం. 2014 జూన్ 8న హైదరాబాద్ నుంచి విహారయాత్రకు పోయిన ఇంజినీరింగ్ పిల్లలు 24 మంది మండీ దగ్గర బియాస్ నదిలో కొట్టుకుపోయారు. ఎన్నో రోజులు టీవీ ముందు కూర్చుని ఏడ్చిన తల్లుల్లో నేనూ ఒకదాన్ని. కానీ ఆ పిల్లల్ని మింగింది కొండా కాదు, వానా కాదు. పైన లార్జీ డ్యామ్ గేట్లెత్తి వదిలిన నీళ్లు. నీళ్లు వస్తున్నాయన్న కబురు ఒడ్డున ఉన్నవాళ్లకు సరిగ్గా అందలేదు. హైకోర్టు కూడా నిర్లక్ష్యమనే తేల్చింది. ఆ సంగతి నుంచి మనం "పిల్లల్ని ఎక్కడికీ పంపొద్దు" అని నేర్చుకున్నాం. "హెచ్చరిక ఎవరిస్తారు, ఎట్లా అందుతుంది అని ముందే అడగాలి" అని నేర్చుకోలేదు.

అదే ఏడాది అక్టోబర్ సంగతి ఇంకొకటి ఉంది, మనలో చాలామందికి తెలియదు. హుద్‌హుద్ గుర్తుందిగా? 12వ తారీఖున విశాఖ దగ్గర తీరం దాటింది. నాలుగైదు రోజుల ముందునుంచే ఇక్కడ టీవీల్లో అదే గోల, ఎంతోమందిని తీరం నుంచి తరలించారు కూడా. ఆ తుఫాను విశాఖతో ఆగలేదు. బలహీనపడి ఉత్తరానికి పోయి, 14వ తారీఖున నేపాల్‌లో అన్నపూర్ణ కొండల మీద మంచు తుఫానై విరుచుకుపడింది. 5,416 మీటర్ల ఎత్తున ఉండే థోరాంగ్ లా కనుమ దాటుతున్నవాళ్లు, గైడ్లు, చుట్టుపక్కలవాళ్లు కలిపి 43 మందికి తక్కువ కాకుండా చనిపోయారు. అక్టోబర్ అక్కడ నడకకు మంచి సీజన్. పొద్దున బయల్దేరినవాళ్లలో చాలామందికి అట్లాంటిది వస్తోందనే తెలియదు. మన విశాఖలో ఆటో డ్రైవర్‌కు పేరుతో సహా తెలిసిన తుఫాను, రెండు రోజుల తర్వాత దాని దారిలో నడుస్తున్నవాళ్లకు తెలియలేదు. ఇది చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

అందుకే మా అమ్మాయితో వద్దనలేదు, సరే అని కూడా అనలేదు. ఇద్దరం కూర్చుని చూశాం. మొదట ఫోన్లో సాంక్రీ అని కొడితే 5 డిగ్రీలంది. "అంతేనా, స్వెటర్ చాలు" అంది అది. అక్కడే మోసపోతాం. సాంక్రీ సుమారు 1,900 మీటర్ల ఎత్తు, కొండ కొస 3,800. వెయ్యి మీటర్లకు ఆరు, ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని లెక్క వేసుకోండి. కింద 5 ఉంటే పైన మైనస్ 6, 7. దానిమీద గాలి. గాలి కొడితే అదే చలి ఒంటికి ఇంకా ఎన్నో రెట్లు తెలుస్తుంది. ఫోన్ చూపించేది ఊరి సంగతి, పిల్ల పోయేది కొండ మీదికి.

చలికాలం అక్కడికి మంచు తెచ్చేది మన బంగాళాఖాతం కాదు. మధ్యధరా సముద్రం వైపునుంచి వచ్చే వెస్టర్న్ డిస్టర్బెన్స్‌లు. ఒకటి పోయాక ఇంకొకటి వస్తుంటాయి. వచ్చేది నాలుగైదు రోజుల ముందే పసిగట్టవచ్చు. ఉత్తరాఖండ్‌కైతే డెహ్రాడూన్, హిమాచల్‌కు సిమ్లా, కాశ్మీర్‌కు శ్రీనగర్ వాతావరణ కేంద్రాలు రోజూ బులెటిన్ ఇస్తాయి, ఏ జిల్లాలో ఎన్ని మీటర్ల పైన మంచు పడొచ్చో చెబుతాయి. మనకు వానకు ఇచ్చే రంగులే అక్కడ మంచుకూ. హిమపాతాలు, అంటే మంచు చరియలు జారే ప్రమాదం గురించి చండీగఢ్‌లోని డీఆర్‌డీఓ సంస్థ డీజీఆర్‌ఈ వేరే హెచ్చరికలిస్తుంది. ఒక్కరోజులో అడుగు మంచు కొత్తగా పడితే, ఆ తర్వాతి ఒకటి రెండు రోజులు నిటారు వాలుల కింద నడవడం ఎక్కువ ప్రమాదమట. ఆకాశం నీలంగా, ఫొటోలకు అందంగా ఉండేది సరిగ్గా ఆ రోజే. కేదార్‌కంఠ దారి మిగతావాటితో పోలిస్తే తేలికే, అయినా తెలుసుకుని పోవడానికేం నొప్పి?

తీసుకుపోయేవాళ్లకు ఫోన్ చేశాను. మొన్న ఎంత మంచు పడింది, ఆరెంజ్ వస్తే ఏం చేస్తారు, వెనక్కి తిరగాలని ఎవరు చెబుతారు, డబ్బులు వాపసు ఇస్తారా అని అడిగాను. "మంచు ఎక్కువ పడితే ఇంకా బాగుంటది మేడమ్, దానికోసమే కదా వచ్చేది" అని నవ్వాడు. వాపసు మాత్రం లేదట. ఆ నవ్వు విని మా అమ్మాయే ఇంకొకరిని వెతుక్కుంది. డబ్బు పోతుందన్న భయం పిల్లల్ని పైకి తోస్తుంది, అది చలికంటే చెడ్డది.

పోయింది. సాంక్రీ దాటాక సిగ్నల్ సరిగా ఉండదని ముందే చెప్పింది కాబట్టి ఆ రెండు రోజులు నేను డెహ్రాడూన్ బులెటిన్ చూస్తూ కూర్చున్నా. మూడో రోజు ఫోన్. గైడ్ సాయంత్రం గాలి చూసి, మర్నాడు ఆరెంజ్ ఉందని, శిఖరానికి పోకుండా చెరువు దగ్గర క్యాంప్ నుంచే కిందికి దింపాడట. గొంతులో నిరాశ తెలుస్తూనే ఉంది. నేను మాత్రం ఆ పేరు తెలియని గైడ్‌కు దండం పెట్టుకున్నా.

ఇంటికొచ్చాక వరస. "అంత దూరం పోయి ఎక్కకుండనే వచ్చినవా?" "పైసలు దండుగ." మా బావగారి అబ్బాయి అయితే, "నేనైతే ఎక్కేటోణ్ణి" అని. పోతానంటే తిట్టినవాళ్లే, తిరిగొచ్చిందని కూడా తిట్టారు! ఎవరెస్ట్ ఎక్కిన మన మాలావత్ పూర్ణ పోస్టర్ ప్రతి బళ్లో ఉంది. 2014 మేలో, పద్నాలుగేళ్లు నిండకముందే ఎక్కింది. మొదట తాడు పట్టింది మన భువనగిరి గుట్ట మీదే. కానీ ఎవరెస్ట్‌కు పోయినవాళ్లెవరైనా బేస్ క్యాంప్‌లో గాలి తగ్గేదాకా రోజుల తరబడి కూర్చోవాల్సిందే అన్నది ఏ పోస్టర్ మీదా రాయరు. 172 రోజుల్లో ఏడు ఖండాల శిఖరాలెక్కిన నెల్లూరు జిల్లా మల్లి మస్తాన్ బాబు అంతటివాడిని కూడా 2015లో ఆండీస్ కొండలు తిరిగి పంపలేదు. వాతావరణం చెడిందనే అన్నారు అప్పుడు. అంత అనుభవానికే అట్లా అయితే, శని ఆదివారాలకు రెండు రోజుల సెలవు కలిపి పోయే మన పిల్లల సంగతేంటి?

వెనక్కి తిరిగొచ్చిన పిల్లను ఎగతాళి చేస్తే, ఆ పిల్ల మళ్లీసారి తిరిగిరాదు, ఎక్కుతుంది. ఆరెంజ్ ఉన్నా ఎక్కుతుంది. మా వదినతో ఈ మాట గట్టిగానే అన్నాను. ఇప్పటికీ సరిగా మాట్లాడట్లేదు, పోనీయండి.

ఈ చలికాలం మళ్లీ పోతానంటోంది. సంబంధాలు చూస్తున్నాం కాబట్టి వద్దని ఇంట్లో మళ్లీ మొదలు. ఈసారి నేను నోరు విప్పేలోపే అత్తమ్మ మంచం మీదినుంచి అడిగింది.

"ఇయ్యాల ఆడ ఏం రంగు చెప్పిండ్రే?"